ఈత బట్టలు

వదిన పెట్టె సర్దడానికి దిగిందంటే ఇంట్లోవాళ్ళు గోడకి అతుక్కుపోవాల్సిందే. ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ళ తరబడి వార్డెన్‌గా చేసిన మనిషి. ఎవరి అలమారలో ఏముండాలో, ఏముండకూడదో చెప్పడం ఆవిడకి ఊపిరి పీల్చినంత తేలిక. ఆ సాయంత్రం తమ్ముడింటికి వచ్చీ రాగానే, భుజాన సంచీ అయినా దించకుండా, మంచం మీద తెరిచి ఉన్న పెట్టెలోవన్నీ బయటికి తీసి గుట్టపోసింది.

"మనం వెళ్ళేది ఓడ మీద షికారుకా, మంచుకొండ ఎక్కడానికా? ఈ ఉన్ని కోట్లు ఎవరికిరా?" అని తమ్ముణ్ణి నిలదీసింది.

"సముద్రం మీద గాలి ఉంటుందని..." అంటూ నసిగాడు తమ్ముడు. కళ్ళద్దాల షాపు నడిపే మనిషి, మెత్తటివాడు. అక్క ముందు మరీ మెత్తన.

"గాలికి ఒక శాలువా చాలు. లోపల ఏసీకీ అదే. మిగతావన్నీ వదులుగా, తేలిగ్గా, నలిగినా ఏడవనివి. ఓడవాళ్ళ పెద్ద భోజనం రోజుకి తలా ఒక మంచి జత. తడి మీద జారని చెప్పులు. నాలుగు రోజులు ఒళ్ళు విరుచుకుని పడుకోవడానికి పోతూ ఇస్త్రీ మడతల గురించి బెంగపడేవాణ్ణి నిన్నే చూశాను."

గుమ్మంలో నిలబడి టీచరమ్మ నవ్వుకుంది. తమ్ముడి భార్య ఆమె. ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. పిల్లలు మాత్రం టీచర్ అనరు, బుడుంగమ్మ అంటారు. మొదటిసారి తల ముంచడానికి భయపడే పిల్లవాణ్ణి పట్టుకుని "బుడుంగ్!" అని తనే ముందు మునిగేది. ఆ పేరు అలా పడింది. ఎడమ రొమ్ము తీసేసిన ఆపరేషన్ అయ్యాక నీళ్ళలోకి మాత్రం దిగలేదు.

ఈ ఓడ ప్రయాణం అందుకే. "గండం గడిచింది. నలుగురం కలిసి ఎక్కడికైనా పోదాం," అని వదిన పట్టుబట్టి, తన భర్తనీ తమ్ముణ్ణీ ఒప్పించింది.

గుట్టలోంచి నల్లటి ఈత దుస్తులు బయటపడ్డాయి. వదిన వాటిని భుజాలు పట్టి ఎత్తి చూసింది. ఎడమవైపు గుడ్డ లోపలికి మడిచి, చదునుగా, సన్నటి కుట్టుతో బిగించి ఉంది. ఆ కుట్టు టీచరమ్మ చేతిదే. మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు కూర్చుని, విప్పి, మళ్ళీ కుట్టి, ఒంటికి సరిపోయేదాకా తంటాలు పడింది.

"ఇదెందుకు?" అంది వదిన.

"ఈదడానికి."

"పదిమందిలోనా?"

టీచరమ్మ భర్త చప్పున కిటికీ దగ్గరికి వెళ్ళి పరదా సర్దడం మొదలుపెట్టాడు. సరిగ్గానే ఉన్న పరదాని అటూ ఇటూ లాగాడు.

"అవును వదినా, పదిమందిలోనే. అక్కడ నన్నెరిగినవాళ్ళు ఎవరుంటారు?"

వదిన పెదవి విరిచి, ఆ దుస్తుల్ని మడిచి పక్కన పెట్టింది. తర్వాత మందుల డబ్బా అందుకుంది. "ఇవి పెద్ద పెట్టెలో పెడితే నీ పని అయినట్టే. పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు. గదికి చేరేసరికి పొద్దుపోతుంది. ఎక్కగానే కావాల్సినవి చేతిసంచీలో ఉండాలి."

ఆ మాట టీచరమ్మకి పనికొచ్చింది. అందరూ వంటింట్లోకి వెళ్ళాక నల్ల దుస్తుల్ని చేతిసంచీలో, మందుల మీద, తువ్వాలు కింద పెట్టి జిప్పు లాగింది. ఎక్కగానే కావాల్సినవి అవే మరి.

మర్నాడు కొలను దగ్గర, సెలవుకి ముందు చివరి పాఠం. ట్రాక్‌సూటు వేసుకుని, పొడుగాటి కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తోంది. నీళ్ళలో పిల్లలు వరసగా గోడ పట్టుకుని కాళ్ళు కొడుతున్నారు.

"మోకాళ్ళు మడవకండి! సైకిల్ తొక్కమనలేదు!"

చివరనున్న చిన్నపిల్ల గోడ వదలడం లేదు. పెదాలు నీలంగా మారాయి, వేళ్ళు గట్టుని పట్టి తెల్లబడ్డాయి. "నువ్వు రా బుడుంగమ్మా," అంది.

మునుపైతే ఒక్క దూకు. పిల్ల పొట్ట కింద అరచెయ్యి పెట్టి, "నేనున్నా, ఊపిరి వదులు," అంటే సరిపోయేది. ఇప్పుడు గట్టు మీద మోకాళ్ళూని కర్ర చాపింది. పిల్ల కర్రనీ ఆమెనీ మార్చి మార్చి చూసి తల అడ్డంగా ఊపింది.

పాఠం అయ్యాక కొలను మేనేజరు ఆఫీసు గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

"మీరు దిగాలని అనుకుంటున్నారని విన్నాను. ఎందుకమ్మా శ్రమ? గట్టు మీంచి చెప్పినా సరిపోతుంది. ఒకరిద్దరు తల్లులు అడిగారు... అంటే, పిల్లలు చూస్తే భయపడతారేమోనని. నాకైతే ఏమీ లేదు."

అతని గొంతులో ఎక్కడా కాఠిన్యం లేదు. అందుకే ఆమె నీళ్ళు తాగి లేచి వచ్చేసింది. ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. అతను అంతా విని, "పోన్లే, నీ మంచికే చెప్పాడేమో," అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అద్దాలు తుడవడం అతనికి మాటలు దొరకనప్పుడు చేసే పని.

బయలుదేరే పొద్దున ఇల్లంతా హడావిడి. టాక్సీ వాకిట్లో హారన్ కొడుతోంది. వదిన తలుపుతాళం నుంచి గ్యాసు మీట దాకా అన్నీ తనే చూసింది. సంచీల జిప్పులన్నీ లాగి చూసి, "ఇందులో నీళ్ళ సీసా పట్టదు, ఏం సర్దారో!" అని టీచరమ్మ చేతిసంచీని కూడా ఒకసారి తెరిచి మూసింది. వదిన భర్త మెడలో అప్పుడే బైనాక్యులర్స్ వేలాడేసుకుని, టాక్సీలోంచి పక్కింటి డాబా చూస్తున్నాడు.

"సముద్రం వచ్చేదాకా ఆగండి మహాప్రభో," అంది వదిన.

రేవులో వరస కదిలింది. పెట్టెలకి రంగు చీటీలు కట్టి తీసుకెళ్ళిపోయారు. ఓడ ఎక్కితే ఓడ ఎక్కినట్టే అనిపించలేదు. పెద్ద హోటల్లోకి నడిచినట్టుంది. తివాచీలు, లిఫ్టులు, ఎక్కడో పియానో. అన్నిటికంటే పై అంతస్తులో తలుపు తీయగానే గాలి మొహాన కొట్టింది. అక్కడుంది కొలను. నీలంగా, ఓడ ఊపుకి ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ రెండో పక్కకి ఒరుగుతూ. క్లోరిన్ వాసన తగలగానే టీచరమ్మ ఊపిరి నిండా పీల్చుకుంది. రెయిలింగు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత గబగబా గదికి దిగింది.

గది అగ్గిపెట్టెలా ఉంది, స్నానాల గది అందులో పుల్లంత. తలుపు గడియ వేసుకుని చేతిసంచీ తెరిచింది. తువ్వాలు తీసింది. కింద మడతపెట్టిన వదులు చొక్కా ఉంది. ఒంటినంతా కప్పేసే పొడుగు చేతుల చొక్కా, మెడదాకా బొత్తాలు. చొక్కా తీసింది. మందులున్నాయి. మందులు తీసింది. సంచీ అడుగు కనిపించింది.

సంచీని తలకిందులు చేసి దులిపింది. ఒక దువ్వెన రాలి నేల మీద టకటకా ఎగిరింది.

పెట్టెలో పెట్టానేమో, మర్చిపోయానేమో అని తనకి తనే చెప్పుకుంది. కానీ జిప్పు లాగిన చప్పుడు కూడా గుర్తుంది. ఆ చొక్కా తను సర్దింది కాదు. ఎవరో తీసి, తీసిన చోట ఇది పెట్టారు. బోసిగా ఉంటే తెలిసిపోతుందని నింపారు.

పొద్దుపోయాక పెట్టె గది ముందుకి వచ్చింది. భర్త భోజనానికి తయారవుతుంటే ఆమె పెట్టె మీద పడింది. చుట్టలు చుట్టిన బట్టలన్నీ విప్పింది. మేజోళ్ళలో కూడా చెయ్యి పెట్టి చూసింది.

"ఏం వెతుకుతున్నావు?"

"నా ఈత బట్టలు."

"ఇంట్లో మర్చిపోయి ఉంటావు," అన్నాడు భర్త, అద్దంలో కాలరు సవరించుకుంటూ. "ఇక్కడ ఎన్ని లేవు! కూర్చుని సముద్రం చూస్తే చాలదూ?"

భోజనాల హాల్లో అందరూ మంచి బట్టల్లో మెరుస్తున్నారు. టీచరమ్మ కూడా మంచి జతే వేసుకుంది. లోపల ఎడమవైపు మెత్తటి రబ్బరు అచ్చు పెట్టుకుంది. అది ఒరుసుకుని మండుతోంది. ఎదురుగా వదిన చెంచా ఊపుతూ మూడో బల్ల దగ్గరావిడ నగల గురించి ఏదో అంటోంది. టీచరమ్మకి వదిన పెదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. పదిమందిలోనా, అన్న పెదాలు. జిప్పులన్నీ లాగి చూసిన చేతులు. ఆస్పత్రిలో తన తల పట్టుకుని గిన్నెలోకి వాంతి చేయించిన చేతులు కూడా అవే. ఆ మనిషి ఇలా చేసిందా అని ఆలోచిస్తూ కంచం పక్కకి జరిపింది.

మర్నాడు టిఫిన్లు కాగానే వదిన టీచరమ్మ వాళ్ళ గదికి వచ్చింది, ఇచ్చిన అప్పు అడిగినంత చనువుగా శాలువా అడగడానికి. తనది తెచ్చుకోవడం మర్చిపోయిందట. భర్త బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తలుపు బార్లా తీసి ఉంది.

"ఒక్క మాట అడుగుతా వదినా," అంది టీచరమ్మ. శాలువా ఆమె చేతిలోనే ఉంది, ఇవ్వలేదు. "నచ్చకపోతే మొహం మీద చెప్పాల్సింది. దొంగతనంగా తీయడమెందుకు?"

"ఏం తీశాను?"

"నా సంచీలోంచి ఈత బట్టలు. నన్ను చూసి పదిమంది నవ్వితే మీ పరువు పోతుందనా?"

వదిన మొహంలో రంగు పోయింది. మంచం అంచు మీద కూర్చుని, "నేనా? నేను నీ సంచీలోంచి..." అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "నీ తోడు. నేను తీయలేదే పిల్లా. నేను జిప్పు లాగేసరికి తువ్వాలు కింద ఏదో చొక్కా ఉంది. నువ్వే మనసు మార్చుకున్నావేమో అనుకున్నా."

అప్పటికే ఉందా? టీచరమ్మ తల తిప్పింది. వదిన కూడా అటే చూసింది.

బాల్కనీలో భర్త కళ్ళద్దాలు తీసి తుడుస్తున్నాడు. సముద్రం వైపే తిరిగి ఉన్నాడు. వీపు కనిపిస్తోంది.

"నేనే," అన్నాడు.

పక్క గది బాల్కనీలో ఎవరో పగలబడి నవ్వారు.

"ఇంట్లో అలమారలోనే ఉన్నాయి. పాడు చేయలేదు. భద్రంగా ఉన్నాయి," అన్నాడు మళ్ళీ.

టీచరమ్మ శాలువాని మంచం మీద పడేసింది. ఈ మనిషి రాత్రి తను పెట్టె విప్పుతుంటే చూస్తూ నిలబడ్డాడు. మేజోళ్ళలో వెతుకుతుంటే కాలరు సవరించుకున్నాడు.

"ఎందుకు?" అంది.

"అందరూ చూస్తారు. నువ్వు తట్టుకోలేవు. నిన్ను ఎవరైనా అలా చూస్తే నేను..."

"మీరు చూశారా?"

అతను అద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మీరు ఒక్కసారైనా చూశారా? నేను బట్టలు మార్చుకుంటే గోడకేసి తిరుగుతారు. లేకపోతే పరదా సర్దుతారు. నాకు సిగ్గని అనుకుంటారేమో, ఆ సిగ్గు నాది కాదండీ."

వదిన లేచింది. తమ్ముడి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. "ఒరేయ్..." అంది. తిట్టడానికి పుట్టిన మనిషికి తిట్టు దొరకలేదు. వెనక్కి తిరిగి మరదలి మణికట్టు పట్టుకుంది. "పద. నాతో రా."

వదిన తన గదిలో ఉన్న భర్తని బైనాక్యులర్స్‌తో సహా డెక్కు మీదికి తరిమేసింది. గడియ పెట్టింది. పెట్టె అట్టడుగు నుంచి, శాలువాకి కూడా చోటు లేకుండా ఆక్రమించిన ఒక ప్లాస్టిక్ సంచీ తీసింది. అందులోంచి ముదురు నీలం ఈత దుస్తులు బయటికి లాగింది. నడుం చుట్టూ కుచ్చులు, ధర చీటీ ఇంకా వేలాడుతోంది.

టీచరమ్మ నోరు తెరిచింది.

"నవ్వితే చంపుతా," అంది వదిన. "మీ అన్నయ్యగారికి కూడా తెలీదు. ఒక్కసారైనా నీళ్ళలో కూర్చుందామని కొన్నాను. నీది చూశాక, ఈ పిల్లకి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అనిపించింది. పదిమందిలోనా అని నిన్ను కాదే అడిగింది, నన్ను నేను అడుక్కున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"వార్డెన్‌ని. కుచ్చుల గౌను వేసుకుంటానని ఎలా చెప్పను?"

వేసుకుని చూస్తే టీచరమ్మ ఒంటి మీద బస్తాలా వేలాడింది. వదిన బల్ల సొరుగులోంచి ఓడవాళ్ళ సూదీదారం డబ్బా తీసింది. పక్క కుట్లు విప్పింది. సాగే గుడ్డ కాబట్టి మామూలు కుట్టు నీళ్ళలో పుటుక్కున తెగుతుంది, వంకర కుట్టు వేయమంది టీచరమ్మ. ఇద్దరూ మంచం మీద ఎదురెదురుగా కూర్చుని చెరో పక్క పట్టుకున్నారు. కుచ్చులు కత్తిరించి పారేస్తానంటే వదిన ఒప్పుకోలేదు. ఉండనీ, డబ్బు పోసి కొన్నానంది.

ఎడమవైపు దగ్గరికి వచ్చేసరికి వదిన చెయ్యి ఆగింది.

"చూపించు. ఎంత మడవాలో కొలవాలి కదా."

టీచరమ్మ ఒక్క క్షణం తటపటాయించి, చొక్కా బొత్తాలు విప్పింది. చంక కింద నుంచి రొమ్ము ఎముక దాకా అడ్డంగా మచ్చ. కొన్నిచోట్ల నున్నగా, ఒక చోట ముడతపడి. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరికి వంగి చూసింది. తొందరపడకుండా ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"ఈ మూల కుట్టినవాడెవడో గానీ, నా హాస్టల్లో అయితే విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని," అంది.

టీచరమ్మకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైంది. వదిన సూది నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా, వేళ్ళతో గుడ్డ మీద గుర్తు పెట్టుకుంది.

మధ్యాహ్నం ఎండ వాలాక ఇద్దరూ పై అంతస్తుకి వెళ్ళారు. వదిన వదులు గౌనులోనే గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో వేసి, కాపలా కుక్కలా చుట్టూ చూసింది. టీచరమ్మ తను కప్పుకున్న తువ్వాలు తీసి కుర్చీ మీద వేసింది.

చూశారు. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. గొట్టంతో ఏదో తాగుతున్న ఒకావిడ తాగడం ఆపేసింది. ఒకాయన చూసి, చూడనట్టు ఫోనులోకి తల దూర్చాడు. టీచరమ్మ మొహం భగ్గుమంది. ఆ తర్వాత గొట్టం ఆవిడ మళ్ళీ తాగడం మొదలుపెట్టింది. ఫోనాయన ఫోను చూసి నవ్వుకున్నాడు, అందులో ఏదో జోకు కాబోలు.

ఆమె గట్టు అంచుకి వెళ్ళి దూకింది.

నీళ్ళు తల మీద మూసుకున్నాయి. లోపల నిశ్శబ్దం, ఓడ ఇంజను గుండెలో కొట్టుకుంటున్నట్టు ఒక దడ. పైకి వచ్చి చేతులు వేసింది. మొదటి బారలోనే తెలిసింది, ఎడమ చెయ్యి మునుపటంత దూరం సాగదు. దానివల్ల ఒళ్ళు ఎడమకే లాక్కుపోయి గోడకి భుజం తగిలింది. ఆగి, పిల్లలకి చెప్పినట్టే చెప్పుకుంది. కుడి తగ్గించు, తల తిప్పకు, నడుంతో తిరుగు. రెండోసారి కొంచెం నిటారుగా పోయింది. మూడోసారి ఇంకొంచెం. ఊపిరి అందక దగ్గొచ్చింది. ఆయాసపడుతూ మళ్ళీ తిరిగింది. సోమవారం మేనేజరు ఏమైనా అనుకోనీ, ఆ చిన్నపిల్ల పక్కన నీళ్ళలో నిలబడి తీరాలి అనుకుంది.

"చాలు, చచ్చిపోతావు!" అని గట్టు మీంచి వదిన అరిచింది. ఆవిడ గౌను మోకాళ్ళ దాకా తడిసింది. పట్టించుకోవడం లేదు.

తల ఎత్తేసరికి నిచ్చెన దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. కాలరు బొత్తాం దాకా పెట్టుకున్న చొక్కా, బూట్లు, చేతిలో తువ్వాలు. వదిన అతని వైపు చూడలేదు. అతనూ పిలవలేదు.

ఆమె అవతలి గట్టున ఉన్న రెండో నిచ్చెన ఎక్కవచ్చు. అటే మళ్ళింది కూడా. మధ్యలో ఆగి, తిరిగి, అతను నిలబడ్డ నిచ్చెనకే వచ్చింది. మెట్లెక్కి అతని ఎదురుగా నిలబడింది. నీళ్ళు కారుతున్నాయి. తడి గుడ్డ ఒంటికి అతుక్కుని ఒకవైపు ఎత్తుని, ఒకవైపు చదునుని ఉన్నదున్నట్టు చూపిస్తోంది. చంక దగ్గర మచ్చ కొస బయటికే ఉంది. అతను తువ్వాలు చాపాడు. ఆమె తీసుకోలేదు.

అతని చూపు పక్కకి పోబోయింది. పోయి, మళ్ళీ వచ్చింది. ఈసారి నిలబడింది. షాపులో మనుషుల కళ్ళలోకి చూసేటప్పుడు కనుబొమలు దగ్గరికి వస్తాయి, అలా వచ్చాయి. ఎంతసేపు చూశాడో, తువ్వాలు పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది.

"నొప్పిగా ఉంటుందా?" అన్నాడు.

డాక్టర్లని ఎన్నో అడిగాడు. మందుల షాపువాణ్ణి అడిగాడు, ఫోనులో వెతికాడు. ఆమెని మాత్రం ఈ మాట అడగడం ఇదే మొదలు.

"నొప్పి లేదు. చెయ్యి పైకెత్తితే లాగుతుంది. మధ్యలో మాత్రం ఏమీ తెలీదు. నీళ్ళు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో కూడా ఆ చోటికి తెలీదు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ అంతే."

అతను గట్టు మీద కూలబడ్డాడు. కింద తడి ఉందని, ప్యాంటు నానుతోందని చూసుకోలేదు.

"ఇంకా చెప్పు," అన్నాడు.

ఆమె అతని చేతిలోంచి తువ్వాలు లాక్కుని జుట్టు తుడుచుకుంది. కొంచెం ఎడంగా కూర్చుంది.

"నాకు కోపం పోలేదు," అంది.

"తెలుసు."

ఓడ మెల్లగా ఒక పక్కకి ఒరిగితే కొలనులో నీళ్ళు గట్టు దాటి వచ్చి ఇద్దరి కాళ్ళ మీదుగా పారాయి. అతను కాళ్ళు తీసుకోలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.